స్టీరింగు వణికితే...

నేను ఆఫీసు జీపుల రిపేరు బిల్లులు రాసిన గుమాస్తానే. స్పానరు పట్టినవాణ్ణి కాను.

మా అబ్బాయి తన ఫోర్‌వీల్ జీపును మూడంగుళాలు ఎత్తించాడు. ఒకరోజు మనవరాలితో వెళుతుంటే, గుంత తగలగానే స్టీరింగు చేతుల్లో నిలవలేదు. మెకానిక్ డ్యాంపరు మార్చేద్దామన్నాడు. "కారణం లేని బిల్లు పాస్ చెయ్యను" అన్నాను.

వణుకు స్పీడుతో పెరిగితే చక్రాల బ్యాలెన్సింగు చూడాలి. బ్రేకు తొక్కితేనే వస్తే డిస్కులు. గుంత తగిలాక వస్తే కింది జాయింట్లు. చక్రాలు నేలమీదే ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, అబ్బాయి స్టీరింగు అటూ ఇటూ తిప్పాడు. మెకానిక్ కింద చూశాడు. ట్రాక్‌బారు బోల్టు లూజు! ఎత్తించినందువల్ల తగ్గిన క్యాస్టరు కోణం కూడా సరిచేయించాం.

డ్యాంపరు వణుకును కప్పుతుందే గాని మాన్పదు. మీ పిల్లల బండి వణికితే సర్దుకుపోవద్దు, కారణం అడగండి. సెలవు.