తీపి గిన్నెలో కాదు, గ్లాసులో

(బెల్లంతో మసాలా పాల కాఫీ చేసుకునే పద్ధతిపై, సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, బ్యాంకు లింకేజీ లెక్కలన్నీ పెద్దవాళ్ళు చెప్పేశారు. నాకు అప్పజెప్పింది చిన్న విషయం. ఇందాక టిఫిన్ల దగ్గర మీరందరూ ఒక కాఫీ తాగారు కదా. యాలకుల వాసన వస్తోంది, ఇందులో ఏం వేశారు, పంచదార లేదంటున్నారు, ఎలా చేశారు అని చాలామంది అడిగారు. ఆ కాఫీ సంగతే చెప్తాను. చేసే పద్ధతి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ పద్ధతి నేను ఎలా నేర్చుకున్నానో కూడా చెప్పాలి. అందుకే మైకు తీసుకున్నాను.

విజయవాడలో పెద్ద కాఫీ షాపుకి వెళ్తే బోర్డు మీద 'లాటే' అని ఉంటుంది. మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళి ఒకటి ఇప్పించింది. లాటే అంటే ఇటలీ భాషలో పాలు అట. అంటే మన పాల కాఫీయే. పైన నురగ, ఆ నురగ మీద దాల్చినచెక్క పొడి. 'గోల్డెన్ లాటే' అని ఇంకోటి ఉంది. అది పసుపు పాలమ్మా! చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మమ్మ మన ముక్కు మూసి తాగించేది చూడండి, అదే. 2016 ప్రాంతంలో లండన్లోనూ అమెరికాలోనూ కాఫీ షాపుల్లో దానికి పెద్ద గిరాకీ వచ్చింది. మనం తప్పించుకోవాలని చూసినదాన్ని వాళ్ళు డబ్బులిచ్చి తాగుతున్నారు.

వీటికి కావలసిన సరుకంతా మన చుట్టుపక్కలే ఉంది. గేదె పాలు మన పాకలోవే. చెరకు మనకి కొత్త కాదు, ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ ఎరగని వాళ్ళు ఇక్కడ లేరు. పసుపుకి పేరున్న మార్కెట్ దుగ్గిరాల, కృష్ణ దాటితే వస్తుంది. కాఫీ గింజలు మన మన్యంలో, అరకు వైపు గిరిజన రైతులు పండిస్తున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక బెల్లం పాకం పట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బందరు లడ్డు, బందరు నల్ల హల్వా చేసే ఊరు మనది.

ఇప్పుడు నా కథ చెప్తాను.

నాకు షుగరు ఉందని తెలిసి నాలుగేళ్ళు అయింది. తెలిసిన రోజునే పంచదార డబ్బా ఖాళీ చేసి, బెల్లం దిమ్మ తెచ్చాను. బెల్లం మంచిదే కదా, ప్రకృతి ఇచ్చిందే కదా, అందులో ఐరన్ ఉంటుందంటారు కదా అనుకున్నాను. శొంఠి, మిరియాలు, యాలకులు వేసి బెల్లం కాఫీ మొదలుపెట్టాను. ఎంత బాగుందో చెప్పలేను. ఇది మందులాంటిదేలే అనుకుని రోజుకి మూడు గ్లాసులు తాగేదాన్ని. పని ఎక్కువున్న రోజు నాలుగు.

మూడు నెలలు పోయాక పరీక్ష చేయించుకున్నాను. పరగడుపున 138 ఉండేది, 171 అయి కూర్చుంది. డాక్టరమ్మ, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగారు.

"పంచదార ముట్టుకోవట్లేదండీ" అన్నాను, గొప్పగా.

"మరి తీపికి?"

"బెల్లమండీ."

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "బెల్లం దేంతో చేస్తారు?" అన్నారు. చెరకు రసంతో అన్నాను. "పంచదార?" అన్నారు. అదీ చెరకుతోనే. "మరి నీ రక్తానికి తేడా ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఖనిజాలు కొంచెం ఉంటాయి, నిజమే. కానీ చెంచాడు బెల్లంలో ఉండే ఐరన్ ఏ మూలకీ రాదు. రక్తం తక్కువని ఐరన్ బిళ్ళలు ఇచ్చినవాళ్ళు బెల్లం తింటున్నాం కదా అని ఆ బిళ్ళలు మానెయ్యకండి. తేనె అయినా, ఖర్జూరం అయినా, తాటిబెల్లం అయినా ఇదే మాట. రుచి వేరు, వాసన వేరు. షుగరున్న మనిషికి తీపి తీపే.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇంకో సంగతి తెలిసింది. అది ఏ డాక్టరూ చెప్పలేరు, వండేవాళ్ళకే తెలుస్తుంది. నేను బెల్లం గిన్నెలోనే వేసేదాన్ని, అందరికీ కలిపి. కొలత ఎవరిది? ఇంట్లో అందరికంటే ఎక్కువ తీపి అడిగేవారిది. ముందు ఆయనకి పోస్తాను, తర్వాత అత్తయ్యకి, తర్వాత పిల్లాడికి. చివర్న నేను పోసుకుంటాను. కరగని బెల్లం ఎక్కడుంటుంది? అడుగున. అంటే ఇంట్లో షుగరున్నది నాకు, అందరిలోకీ తియ్యటి గ్లాసు నాది! మూడు నెలలపాటు రోజూ నేనే చేతులారా పోసుకుని తాగాను.

మీలో ఎంతమంది చివర్న పోసుకుంటారో చేతులెత్తండి అంటే, హాలంతా చేతులే లేస్తాయి. అందుకే ఈ మాట చెప్పడానికి వచ్చాను. తీపి గిన్నెలో వెయ్యకండి. గ్లాసులో వేసుకోండి, ఎవరి కొలత వాళ్ళు.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. బెల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయని చాలామంది మానేస్తారు. మా ఇంట్లోనూ రెండుసార్లు విరిగాయి. అత్తయ్య పాలు నిన్నటివేమో అన్నారు. కాదు, అప్పుడే పితికినవి. బెల్లంలో కాస్త పులుపు గుణం, ఉప్పుల గుణం ఉంటాయి. మరుగుతున్న పాలల్లో ఆ బెల్లం పడితే పాలు విరుగుతాయి. పచ్చి అల్లం కూడా అంతే, అందులో పాలని విరగ్గొట్టే గుణం ఒకటి ఉంది. నీళ్ళల్లో బాగా మరిగిస్తే ఆ గుణం పోతుంది. అందుకని అల్లం ముందు నీళ్ళల్లో మరగాలి, బెల్లం పొయ్యి దిగాక గ్లాసులో పడాలి. ఈ రెండూ గుర్తుంటే పాలు విరగవు.

ఇప్పుడు పద్ధతి. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది మసాలా పొడి. శొంఠి పొడి రెండు చెంచాలు, యాలకులు 15, మిరియాలు 10, వేలి పొడవు దాల్చినచెక్క ఒకటి, లవంగాలు నాలుగు. యాలకులు ఒలిచి గింజలు తీసుకోండి. శొంఠి తప్ప మిగతావి చిన్న మంట మీద ఒక్క నిమిషం వేడి చేసి, చల్లారాక మెత్తగా కొట్టి, శొంఠి పొడి కలపండి. తడి లేని సీసాలో పెట్టుకుంటే దాదాపు 30 గ్లాసులకి వస్తుంది. దాల్చినచెక్క వాసన బాగుందని ఎక్కువ వెయ్యకండి. రోజూ మితిమీరి వాడితే కాలేయానికి మంచిది కాదు.

రెండోది బెల్లం పాకం. వంద గ్రాముల బెల్లం, అర గ్లాసు నీళ్ళు. కరిగితే చాలు, తీగ పాకం రానక్కర్లేదు. పలుచటి గుడ్డలో వడకట్టండి, ఇసుక, చెరకు పీచు వచ్చేస్తాయి. ఫ్రిజ్జులో పెడితే వారం ఉంటుంది. ఫ్రిజ్జు లేనివాళ్ళు రెండు రోజులకి సరిపడా కొద్దికొద్దిగా చేసుకోండి. ఈ పాకం ఒక చెంచాలో సుమారు 3 గ్రాముల బెల్లం ఉంటుంది. బెల్లం కొనేటప్పుడు పచ్చగా మెరిసిపోయేదానికి ఆశపడకండి. ఆ రంగు కోసం మందు వేసేవాళ్ళున్నారు. ముదురు రంగు బెల్లం చూడ్డానికి బాగోకపోయినా కాఫీకి అదే రుచి.

మూడోది డికాషన్. ఫిల్టరులో మూడు చెంచాల కాఫీ పొడి వేసి, ముప్పావు గ్లాసు మరిగే నీళ్ళు పోస్తే, పావుగంటకి అర గ్లాసు చిక్కటి డికాషన్ దిగుతుంది. ఫిల్టరు లేదా? గిన్నెలో పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలాగి గుడ్డలో వడకట్టండి.

ఇక కాఫీ. ఇది నాలుగు చిన్న గ్లాసులకి లెక్క. అర గ్లాసు నీళ్ళల్లో అర చెంచా మసాలా పొడి వేసి రెండు నిమిషాలు మరగనివ్వండి. పచ్చి అల్లం వేసుకునేవాళ్ళు చిన్న ముక్క దంచి ఇప్పుడే వేసి, ఐదు నిమిషాలు మరిగించండి. తర్వాత గేదె పాలు ఒకటిన్నర గ్లాసు పోసి పొంగు రానివ్వండి. సన్న సెగ మీద ఇంకో రెండు నిమిషాలు ఉంచితే పాలల్లో ఉన్న సొంత తీపి తెలుస్తుంది. దించి, డికాషన్ కలిపి, వడకట్టండి. రెండు గ్లాసులు పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎత్తి పోయండి. కాఫీ షాపులో మిషను ఆవిరితో తెప్పించే నురగ మన చేతుల్తోనే వస్తుంది. అప్పుడు ఎవరి గ్లాసులో వాళ్ళు పాకం వేసుకుంటారు. మామూలు వాళ్ళకి రెండు చెంచాలు సరిపోతుంది.

రాత్రి పూట కాఫీ వద్దనుకునేవాళ్ళు డికాషన్ మానేసి, నీళ్ళు మరిగేటప్పుడే పావు చెంచా పసుపు, రెండు మిరియాల పొడి వేసుకోండి. ఆ అర గ్లాసు లోటు పాలతో నింపండి. పసుపు కొమ్ములు కొని ఆడించుకుంటే మంచిది. విడిగా అమ్మే పొడిలో రంగులు కలిసే భయం ఉంది. ఇది గొంతుకి హాయిగా ఉంటుంది. కానీ మందు మానేసి తాగేటంత మందు మాత్రం కాదు.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. భోజనంతోపాటు కాఫీ, టీ తాగకండి. ఐరన్ బిళ్ళ వేసుకునేటప్పుడు అసలు తాగకండి. తిన్న ఐరన్ ఒంటికి పట్టదు. గంట ఎడం ఉండాలి. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకండి. ఇక రోజు మొత్తం మీద పైనుంచి వేసుకునే తీపి 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే ఆరు చెంచాల పంచదార. కాఫీలోది, స్వీట్లలోది, కూల్ డ్రింకుల్లోది, బెల్లం, తేనె, అన్నీ కలిపి. షుగరున్నవాళ్ళు ఇంకా తగ్గించాలి, ఎంతో మీ డాక్టరునే అడగండి.

మరి నేనేం చేస్తున్నానంటారా? నా గ్లాసులో పాకం రెండు చెంచాల నుంచి వారానికి అర చెంచా చొప్పున తగ్గించాను. నెలకి సున్నా అయింది. మొదటి వారం చప్పగా అనిపించింది, అబద్ధం చెప్పను. తర్వాత యాలకుల వాసనే తీపిలా అనిపించడం మొదలైంది. మళ్ళీ పరీక్షలో 140 దగ్గరికి వచ్చింది. అదంతా కాఫీ మహిమ అనను. అన్నం తగ్గించాను, నడుస్తున్నాను, డాక్టరమ్మ బిళ్ళ కూడా మార్చారు. కానీ ఆ అడుగు గ్లాసు తాగుతూ ఉండి ఉంటే, ఇవన్నీ చేసీ ఏం లాభం?

ఒక చిన్న కోరిక. మన గ్రూపు మీటింగుల్లో టీ, కాఫీ ఇచ్చేటప్పుడు తీపి కలపకుండా చేయించి, పాకం సీసా, చెంచా పక్కన పెడదాం. ప్రతి గ్రూపులోనూ షుగరున్నవాళ్ళు ఉంటారు. అందరిలో చెప్పుకోలేక, ఇచ్చింది తాగేసి వెళ్ళేవాళ్ళు ఉంటారు. చెంచా బల్ల మీద ఉంటే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. పొదుపు పుస్తకంలో పైసా పైసా లెక్క రాసేవాళ్ళం. గ్లాసులో పడే చెంచా లెక్క మనకి కష్టమా?

ఇంట్లో కూడా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు పొద్దున్న అందరికీ పోసేముందు మీ గ్లాసు మీరు తీసి పక్కన పెట్టుకోండి. చివర్న మిగిలింది కాకుండా, మీ కొలత మీరు వేసుకుని, వేడిగా ఉండగానే కూర్చుని తాగండి.