మంచువేళ మోటారు ప్రమాదములు: బాధ్యత యెవరిది?



ధనుర్మాసము మొదలు సంక్రాంతి దాటువరకు కృష్ణా, గోదావరి కాలువగట్ల బాటలు అనేక దినములు తెల్లవారుజామున మంచుచే కప్పబడి యుండును. ఆ వేళనే ధాన్యపు ట్రాక్టర్లు, పాలవారి మోటారుసైకిళ్లు, పండుగకు వచ్చువారి కార్లు ఒకే దారి పట్టును. ప్రమాదము జరిగినంతనే మన యూళ్లలో వినబడు మాట, “మంచు కమ్మినది, ఎవరేమి చేయుదురు? దైవఘటన” అని. నేను బడిలో భాష బోధించి విశ్రమించినవాడను, న్యాయవాదిని కాను. అయినను ఈ మాట చట్టము నెదుట నిలువదని మనవి చేయగోరుచున్నాను.

దైవికమనగా ముందుగా నూహింపరానిది, ఎంత జాగ్రత్త వహించినను తప్పింప శక్యము కానిది. మంచు అట్టిది కాదు. కొండపై పొగను గాంచి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున తొలి పాఠము. అట్లే మంచును గాంచినవాడు దాని వెనుక మనిషియో, ఎద్దో యుండవచ్చునని యూహింపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో 16 మీటర్లకు పైగా సాగును. ముందు 20 మీటర్లే కానవచ్చునపుడు ఆ వేగమున పోవువాడు అడ్డును గాంచి బండి నాపజాలడు. కంటికానిన దూరములో ఆపగలిగిన వేగమే మంచున తగిన వేగము. అంతకు మించినచో దోషము మంచుది కాదు, నడుపువానిది.

అట్లని దోషము ఎల్లప్పుడును వెనుకనుండి గ్రుద్దినవానిదే కాదు. చెడిన ట్రాక్టరును దీపమైన లేక బాట నడుమ విడిచినవాడును బాధ్యుడే. అపాయము కలుగునట్లు బండిని నిలుపుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 122వ సెక్షను నిషేధించుచున్నది. హెచ్చరిక దీపములు లేక రాత్రివేళ రహదారిపై నిలిపిన పెద్ద లారీని ఒక కారు గ్రుద్దుకొనిన వ్యాజ్యమున, కారు నడిపినవానికి సగము తప్పు అంటగట్టిన క్రింది తీర్పులను సుప్రీంకోర్టు 2024లో త్రోసిపుచ్చినది. ఇరువురిదియు తప్పైనచో న్యాయస్థానము పాళ్లు నిర్ణయించును. కాని నడిపినవాని తప్పు ఆ బండిలో ఊరక కూర్చున్న ప్రయాణికుని నెత్తిన పడదు.

పరిహార మెవరీయవలెను? పనిలో నున్న డ్రైవరు తప్పునకు యజమాని బాధ్యుడు. బండికి బీమా యున్నచో ఆ భారము సాధారణముగా బీమా సంస్థ వహించును. లేనిచో యజమాని యాస్తిపై బడును. ఎవరి తప్పును నిరూపింపకయే 164వ సెక్షను క్రింద మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు 2.5 లక్షల రూపాయలు కోరవచ్చును. గ్రుద్ది పారిపోయిన బండి జాడ తెలియనప్పుడు 161వ సెక్షను క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేలు లభించును.

ఇక పెద్దలకు నా ముఖ్య విన్నపము. నేనెరిగిన ఒక యింట, ఇంటాయన మంచులో కారు తగిలి మరణింపగా, రచ్చబండ కడ 40 వేలు చేతబెట్టి, ఠాణాకు పోవలదని భార్యచే వ్రేలిముద్ర వేయించిరి. పిల్లల చదువుల వేళకు ఆమె పరిహారము కోరబోగా, ఏ బండి తగిలినదో తెలుపు కాగిత మొక్కటియు లేకపోయెను. అజాగ్రత్తచే ప్రాణము తీయుట భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారము ఐదేండ్లవరకు శిక్షింపదగిన నేరము. అది ఊరి రాజీతో రద్దగునది కాదు.

కనుక తొలుత గాయపడినవారిని ఆసుపత్రికి చేర్పుడు. సాయపడినవారిని చట్టము కాపాడును. పిమ్మట ఠాణాలో ఫిర్యాదు వ్రాయించి నకలు తీసికొనుడు. బండి నంబరును, వైద్యుని కాగితములను భద్రపరుపుడు. పరిహారపు దరఖాస్తుకు 2019 నాటి సవరణ ఆరు మాసముల గడువు విధించినది గావున జాగు చేయకుడు. బాధితులు తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దానిని వేయవచ్చును.

ట్రాక్టరు తొట్టి వెనుక వెలుతురుకు మెరయు ఎర్ర బిళ్లలు బిగించుటకును, ఎడ్లబండికి లాంతరు కట్టుటకును అగు వ్యయము స్వల్పము. ఈ పుష్యమాసమున ప్రతి గ్రామమున పెద్దలు ఆ పని చేయింతురుగాక.