ఎంచుకున్నదానికి ఒక పేరు

బెంగళూరులో స్నాతకోత్సవం పెట్టి నన్ను తెలుగులో మాట్లాడమన్నారు. సొంత భాషలో ఉపదేశాలు మరీ బరువుగా వినిపిస్తాయి. అందుకని పని గురించే మాట్లాడతాను.

మీలో చాలామంది రేపోమాపో సిమ్యులేషన్ ఉద్యోగాల్లో చేరతారు. గేర్‌బాక్స్ హౌసింగ్ మోడల్ ఒకటి తెరుస్తారు. దానికి 40 బోల్టు రంధ్రాలు. ఒక్కో రంధ్రం లోపలి ఫేస్ (ఉపరితలం) మీద క్లిక్ చేసుకుంటూ పోతారు. బోల్టు బిగింపు ఇవ్వడానికి ఒకసారి, లెక్క కోసం మోడల్‌ను ముక్కలు చేసే మెష్‌ను సన్నం చేయడానికి ఒకసారి, ఫలితాలు చూడటానికి మళ్లీ ఇంకోసారి. అందులో ఒక రంధ్రం తప్పిపోయినా సాఫ్ట్‌వేర్ చాలాసార్లు కిమ్మనదు. లెక్క నడుస్తుంది, రంగుల బొమ్మ ముచ్చటగా వస్తుంది. భయపడాల్సింది అక్కడే.

అందుకే ఆ ఫేస్‌లను ఒక్కసారి ఏరి, గుంపు కట్టి, పేరు పెట్టమంటాను. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లలో, అన్సిస్‌లో దీన్ని నేమ్డ్ సెలెక్షన్ అంటారు, అబాకస్‌లో సెట్, జీమెష్‌లో ఫిజికల్ గ్రూప్. 1960ల చివర్లో నాసా కోసం తయారైన నాస్ట్రాన్ ప్రోగ్రామ్‌లోనూ ఏ నోడ్‌ల (మెష్ బిందువుల) ఫలితాలు కావాలో సెట్ రాసే చెప్పేవారు. అప్పటికి క్లిక్ చేయడానికి మౌస్ ఇంకా వాడుకలోకే రాలేదు!

ఏరడంలోనే కిటుకు ఉంది. చేత్తో ఏరిన గుంపు సాధారణంగా ఫేస్ నంబర్లను నమ్ముకుని ఉంటుంది. డిజైనర్ ఒక రిబ్ చేర్చాడంటే క్యాడ్ ఆ నంబర్లను మార్చేయవచ్చు; నిన్నటి 47వ ఫేస్ ఇవాళ వేరే ఫేస్. టోపోలాజికల్ నేమింగ్ సమస్య అంటే ఇదే. ఫ్రీక్యాడ్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ తయారీదార్లు దీనితో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో చాలావరకు అదుపు చేశారు. నోడ్ నంబర్లతో కట్టిన గుంపుదీ అదే గతి, మెష్ మళ్లీ వేసేదాకానే దాని ఆయుష్షు. అందుకే వీలైనచోట షరతు పెట్టి ఏరండి: 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న స్థూపాకార ఫేస్‌లన్నీ, అని. షరతూ మోసం చేస్తుంది సుమా. అదే కొలతతో డోవెల్ పిన్ను రంధ్రం ఉంటే అదీ వచ్చి చేరుతుంది. 40 ఉండాల్సినచోట 42 కనిపిస్తే ముందుకు కదలకండి.

గుంపులు కట్టే ఈ పని ఈ ఊరికి కొత్తేమీ కాదు. తేజస్‌గా మనకు తెలిసిన యుద్ధవిమానం మొదటిసారి ఎగిరింది ఈ ఊళ్లోనే, 2001 జనవరి 4న. దాని నిర్మాణ బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లు. కార్బన్ ఫైబర్ పొరలు ఒకదానిమీదొకటి పేర్చిన భాగంలో ప్రతి పొరకూ తన హద్దు, తన కోణం ఉంటాయి. ఎక్కడ ఏ పొరలున్నాయో గుంపులుగా గుర్తుంచుకోనిదే విశ్లేషణ ఒక్క అడుగూ సాగదు. ఆ పొరల డిజైన్ కోసం ఇక్కడి ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఆటోలే అనే సాఫ్ట్‌వేర్‌ను తానే తయారు చేసుకుంది. తరవాత ఎయిర్‌బస్ దానికి లైసెన్సు తీసుకుంది. బెంగళూరంటే పరాయి ప్యాకేజీలు నడిపిపెట్టే ఊరేననే వాళ్లు తగిలితే ఈ మాట చెప్పండి.

ఇక పేర్లు. ఎడమ_పై_ఫేస్ అని పెడితే భాగాన్ని తిప్పగానే ఆ పేరు అబద్ధమైపోతుంది. బేరింగ్_సీట్ అనండి, అది ఎటు తిరిగినా చేసే పని మారదు. కొత్తది_ఫైనల్_2 అనే పేరు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఊళ్లో ఉద్యోగాలు మారడం మామూలే, మీ మోడల్ మాత్రం అక్కడే ఉంటుంది. మీ తరవాత దాన్ని తెరిచే అమ్మాయి, ఆ ఫేస్‌లనే ఎందుకు కట్టారో తెలుసుకోవడానికి మీకు ఫోన్ చేయాల్సిన అవసరం రాకూడదు. పేర్లు సరిగ్గా ఉంటే ఆమె స్క్రిప్టు రాసి, ఇరవై డిజైన్లను రాత్రికి రాత్రే లెక్కకు పెట్టి ఇంటికి వెళ్లిపోగలదు.