చక్రాల ఇండ్ల వాడలో ఒక చలికాలం



మన సిద్దిపేట నుంచి అమెరికాకు వెళ్ళే తల్లిదండ్రులు సాధారణంగా ఎండాకాలం మొదట్లో బయలుదేరి, అక్కడ మంచు పడకముందే తిరిగి వస్తారు. నేను మాత్రం పోయినసారి కార్తీక పౌర్ణమి దాటిన తరువాత వెళ్ళి, ఫాల్గుణంలో వచ్చాను. మా వారి సంవత్సరీకాలు ఆశ్వయుజంలో అయినాయి. ఆ నెలలోనే మా అబ్బాయి హైదరాబాదు నుంచి, అమ్మాయి అమెరికా నుంచి ఒకే మాట మొదలుపెట్టారు. "అమ్మా, అంత పెద్ద ఇంట్ల ఒక్కదానివి ఎట్లుంటవు? మంచి బేరం వచ్చింది, అమ్మేద్దాం. ఆరునెల్లు ఈడ, ఆరునెల్లు ఆడ ఉండు." సిద్దిపేట 2016లో జిల్లా అయింది, 2023లో రైలు వచ్చింది. అప్పటినుంచి ఇంటి జాగాలకు రెక్కలు వచ్చాయి. పిల్లలది దురాశ అని నేను అనను. వాళ్ళకు నా మీద భయం.

నేను సరే అనలేదు, కాదనలేదు. ముందు నీ దగ్గర ఒక చలికాలం ఉండి చూస్తానని అమ్మాయికి చెప్పాను.

వాళ్ళుండే ఊరు అరిజోనా రాష్ట్రంలో చాండ్లర్. ఎడారి సీమ. పుష్యమాసంలో కూడా పగలు ఇరవై డిగ్రీల వెచ్చదనం ఉంటుంది, రాత్రి మన మెదక్ వైపు చలిలాగే శాలువ కావాలి. ఆ ఎండ కోసమే ఉత్తరాన మంచులో ఉండే ముసలివాళ్ళు, కెనడా వాళ్ళు సహా, దసరా దీపావళి నాటికి వేలాదిగా దిగుతారు. చలికాలంలో వలస వచ్చే పక్షుల వంటివారని వాళ్ళకు 'స్నోబర్డ్స్' అని పేరు. మార్చి, ఏప్రిల్ రాగానే మళ్ళీ ఎగిరిపోతారు. పోక ఏం చేస్తారు? అక్కడికి దగ్గరి ఫీనిక్స్ నగరంలో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటి కాసింది. మన రోహిణి కార్తె నెల్లాళ్ళు ఆగకుండా ఉందనుకోండి.

మా అమ్మాయి ఆఫీసులో పైఅధికారి అత్తగారు మెసా అనే పక్క ఊళ్ళో ఇటువంటి వాడలో ఉంటారు. ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. అక్కడ ఇండ్లన్నీ చక్రాల మీదే. ఆర్.వి. అంటారు. కొన్ని బస్సులాగా తామే నడుస్తాయి, కొన్నిటిని లారీ వంటి బండికి తగిలించి లాక్కుపోతారు. ఆగిన చోట మీట నొక్కితే గోడ బయటికి జరిగి గది పెద్దదవుతుంది. ఇంకొన్ని పేరుకు చక్రాలున్నా కదలవు. వాటిని పార్క్ మోడల్ అంటారు, నాలుగు వందల చదరపు అడుగులు మించకూడదు. మన గజాల్లో నలభై నాలుగు. అంతలోనే పొయ్యి, ఫ్రిజ్, మంచం, స్నానాల గది. మా వంటింటి సజ్జ మీది ఇత్తడి గుండీలే అందులో పట్టవు!

ఇల్లు సొంతం, జాగా అద్దె. ప్రతి జాగాకు ఒక నీటి కుళాయి, ఒక కరెంటు పెట్టె, మురుగుకు ఒక గొట్టం. ఆ గొట్టం సంగతి చెప్పుకోవాలి. పాయిఖానా తొట్టి నిండితే, ఎంత పెద్ద ఉద్యోగం చేసి దిగినాయన అయినా చేతికి తొడుగులు వేసుకుని తానే ఖాళీ చేసుకోవాలి. నౌకరు రాడు. నాకైతే అది బాగా నచ్చింది. మన ఇండ్లల్లో పెన్షన్ తీసుకునే మగవాళ్ళను ఒక్క నెల అక్కడికి పంపితే బాగుండునని అనుకున్నాను.

ఇటువంటి వాడలు చాలావాటిలో యాభై ఐదేళ్ళు దాటినవారికే చోటు. అలా పెట్టుకోవడానికి వాళ్ళ చట్టం ఒప్పుకుంటుంది. నూటికి ఎనభై ఇండ్లలో కనీసం ఒక్కరికైనా ఆ వయసు ఉండాలని 1995 చట్టంలో లెక్క. మనవలు చుట్టం చూపుగా వచ్చి నాలుగు రోజులుండి పోతారు. పిల్లల గోల లేని వాడ ఏం వాడ అని నాకు మొదట మనసొప్పలేదు. సాయంత్రమయ్యేసరికి ఒకచోట కుట్టుపని, ఒకచోట పేకాట, ఒకచోట డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళ నాట్యం! ఎవరి మోకాళ్ళ నొప్పి గురించీ ఎవరూ విసుక్కోవడం లేదు. అందరివీ అవే మోకాళ్ళు కదా.

ఇంకోరోజు మా అల్లుడు క్వార్ట్‌జ్‌సైట్ అనే చోటికి తీసుకుపోయాడు. అక్కడ ప్రభుత్వ భూమి మీదే విడిది. 1983 నుంచి ఈ ఏర్పాటు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చీటీ తీసుకుని ఉండవచ్చు. కనుచూపు మేర బండ్లు, కప్పుల మీద సోలార్ పలకలు, పొద్దుగూకితే మంటల చుట్టూ కుర్చీలు. నాకు కొమురవెల్లి మల్లన్న జాతర గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు సంక్రాంతి దాటిన ఆదివారాల్లో కచ్చడం బండి కింద మేము పడుకున్నది అట్లాగే. వీళ్ళకు బోనం లేదు, పట్నం లేదు, అంతే తేడా. ఆ ఊళ్ళో ఒక ఒంటెలవాడి సమాధి కూడా చూశాను. అమెరికా సైన్యం 1850లలో ఎడారి కోసం ఒంటెలు తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీ అనే ఆయన 1902లో అక్కడే కన్నుమూశాడట. ఇంటికి ఎంత దూరాన పడుకున్నాడో పాపం!

ఇక మెసాలో మమ్మల్ని పిలిచిన ఆమె మాట. మిన్నెసోటా ఆమెది. వయసు డెబ్బై ఎనిమిది. భర్త ఉద్యోగం దిగిన ఏడాదే ఇల్లు అమ్మి బస్సు ఇల్లు కొన్నారు. ఎనిమిదేళ్ళు దేశమంతా తిరిగారు. తలుపు పక్కన మంచు ఎత్తే పార ఒకటి వేలాడుతోంది. ఎడారిలో ఇదెందుకమ్మా అంటే, దాన్ని చూసినప్పుడల్లా వెచ్చగా ఉంటుందని నవ్వింది. భోజనాలయ్యాక, నేనూ మగడు పోయిన మనిషినేనని తెలిసి, నా పక్కన వచ్చి కూర్చుంది. వాళ్ళాయన ఒక జనవరిలో ఇక్కడే ఆసుపత్రిలో పోయాడు. "ఏ ఊరికి తీసుకుపోవాలమ్మా అని ఆసుపత్రి వాళ్ళు అడిగితే నాకు నోట మాట రాలేదు. మాకు తలుపు నంబరు లేదు కదా" అంది. చివరికి ఆయన పుట్టిన ఊరికే తీసుకుపోయారు. అక్కడ నేల రాయిలా గడ్డకట్టి ఉంది. తవ్వడానికి వీల్లేక ఏప్రిల్ దాకా ఆగి మట్టి చేశారు.

"ఇల్లు అమ్మినందుకు ఏడుస్తున్నావా?" అని అడిగాను. కాదంది. ఆ ఎనిమిదేళ్ళు బంగారం లాంటివంది. "అమ్ముదామా అని ఆయన అడిగాడు, సరే అన్నాను. నాకేం కావాలో నన్ను నేను అడుక్కున్నది ఆయన పోయిన తరువాతే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అమ్మాయికి చెప్పాను. ఇల్లు ఇప్పుడు అమ్మను. అది ఏడ్చింది. "నీకేమన్న అయితే నేను ఏం చెయ్యాలె అమ్మా? పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంల ఉన్న" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నిజమే కదా.

దస్తావేజు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. పిల్లల పేర ఇల్లు గిఫ్టు రాయాలనుకునే అక్కలు, చెల్లెండ్లు, 'నన్ను చూసుకోవాలి' అనే షరతు ఆ కాగితంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో ఇరవై మూడవ సెక్షన్ ఉంది. షరతు ఉండి పిల్లలు చూడకపోతే, ట్రిబ్యునల్‌కు పోయి ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయకపోతే తరువాత తిప్పలు. నోటి మాట మీద పోవద్దు. వెళ్ళేవారు బి.పి., షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా మొత్తం కాలానికి సరిపడా తీసుకుపోవాలి. మనం కొనే ప్రయాణపు బీమాలో పాత జబ్బులకు చాలావరకు డబ్బు రాదు.

సరే, అమ్మాయి ప్రశ్నకు జవాబు కూడా ఆ మెసా వాడలోనే దొరికింది. అక్కడ పొద్దున ఎనిమిదింటికల్లా ప్రతివారూ కిటికీ తెర పైకెత్తుతారు. ఎత్తలేదంటే పక్కవారు వచ్చి తలుపు కొడతారు. అంతకు ముందు ఏడు మా మిన్నెసోటా ఆమె స్నానాల గదిలో జారి పడితే తొమ్మిది కాకముందే మనిషి వచ్చిందట. ఊళ్ళో ఇల్లు లేకపోయినా ఇది ఉందని ఆమె ధీమా.

తిరిగి వచ్చాక ఇంటి ముందు భాగం ఇక్కడి మెడికల్ కాలేజీలో చదివే ఇద్దరు పిల్లలకు అద్దెకిచ్చాను. మా గల్లీలో నావంటి ఒంటరి ఆడవాళ్ళం ఐదుగురం ఉన్నాం. అందరినీ కూర్చోబెట్టి చాయ్ పోసి ఈ తెర సంగతి చెప్పాను. ఒకామె వెంటనే అన్నది: "తెరలెందుకు టీచరమ్మా, మనకు ముగ్గు లేదా?" అప్పటినుంచి అదే మా కట్టుబాటు. ఏడు కొట్టేసరికి వాకిట్లో సాన్పు చల్లి ముగ్గు ఉండాలి. ఊరికి పోతే ముందురోజే చెప్పాలి.

మొన్న ఒకరోజు పొద్దున్నే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళకు ముందురోజు సాయంత్రం. మళ్ళీ చలికాలానికి ఎప్పుడొస్తావని అడుగుతుంటే, కార్తీకం పోనీయ్ అంటూ మాటల్లో పడి పొద్దు చూసుకోలేదు. తలుపు దబదబ కొట్టారు.

"అక్కా! ఓ అక్కా! ముగ్గెయ్యలేదేంది?"

"ఎవరమ్మా అది?" అన్నది అమ్మాయి.

ఫోను చెవిన పెట్టుకునే పోయి తలుపు తీశాను. ఎదురింటామె, ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో ముగ్గు డబ్బా.