వేచియుండు కాలమునకు పెట్టుబడి
(వార్షిక మహాసభయందు మొదటినాటి సాయంకాలము చేసిన ఉపన్యాసము)



"మన యువకులును యంత్రవ్యాపారమును" అను విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మేము పండితులము కాము. వక్తలము అంతకంటెను కాము. 2017వ సంవత్సరము మొదలు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరమును చేసి అమ్ముకొనుచు, రెండు మారులు మునుగబోయి తేలినవారము. ఆ యర్హతతోడనే ఈ వేదిక నెక్కితిమి. రేపటి విషయనిర్ణయ సంఘమున ఒక తీర్మానము రానున్నది. దానినిగూర్చి మాకొక విన్నపము కలదు గాని, మొదట మా యనుభవమును చెప్పక ఆ విన్నపమును చేయుట న్యాయము కాదు.

మన దేశమున ఇట్టి వ్యాపారములకుగల చిక్కులు ఎల్లకాలము నొక్కటే కావు. 1981లో ఏడుగురు ఇంజనీర్లు పదివేల రూపాయల మూలధనముతో పుణెలో ఇన్ఫోసిస్ సంస్థను స్థాపించిరి. వారికి టెలిఫోను వచ్చుటకు ఏడాదియు, కంప్యూటరు దిగుమతికి అనుమతి దొరకుటకు అంతకంటె ఎక్కువ కాలమును పట్టినదని సంస్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు పలుమారులు చెప్పియున్నారు. 1991 తరువాత ఆ అనుమతుల గోడ చాలవరకు కూలినది. నేడు కంపెనీని ఇంటనుండియే నమోదు చేయించుకొనవచ్చును. 2015లో చట్టమును సవరించినది మొదలు కనీస మూలధన మింత యుండవలెనను నియమమును లేదు. మా కంపెనీ నమోదగుటకు పట్టిన కాలముకంటె, దానికి ముహూర్తము కుదుర్చుటకు మా పెద్దలు తీసికొనిన కాలమే యెక్కువ.

అట్లయిన మన పిల్లల వ్యాపారములు రెండేండ్లు తిరుగకుండ ఏల మూతపడుచున్నవి? తెలివి చాలకయని కొందరును, మొదటి పెట్టుబడి లేకయని కొందరును అందురు. మేమును మొదట అట్లే తలచితిమి. తెలివికి మన యిండ్లలో కొదువ లేదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున బుట్టిన చింతకింది మల్లేశముగారిని చూడుడు. ఒక్కొక్క చీరకు ఆసు పోయుటకై తల్లి లక్ష్మమ్మగారు వేలమారులు చేయి త్రిప్పి త్రిప్పి భుజపు నొప్పితో బాధపడుట చూడజాలక, 1992లో ఆసుయంత్రమునకు పూనుకొనిరి. అది చేతికి వచ్చునప్పటికి 1999. తల్లి పేరనే యంత్రమునకు లక్ష్మి ఆసుయంత్రమని పేరిడిరి. 2017లో ప్రభుత్వమువారు పద్మశ్రీ నిచ్చిరి. మనమును శాలువలు కప్పితిమి. కాని ఆ యంత్రము చేతికి రాని ఏడేండ్లును ఆ యింటి పొయ్యి ఎట్లు మండెనో అడిగినవారు మనలో నెందరు? శాలువ పదునెనిమిదేండ్లు ఆలస్యముగా వచ్చినది.

ఇక మా సంగతి. మేము పినతండ్రి, పెదతండ్రుల బిడ్డలము మువ్వురము కలిసి మొదలు పెట్టితిమి. మా పరికరము బోరు మోటారు స్టార్టరునకు తగిలించునట్టి చిన్న డబ్బా. రైతు ఇంటనుండియే ఫోనుద్వారా మోటారును నడపవచ్చును, ఆపవచ్చును. మూడు ఫేజులలో నొకటి పోయినను, బోరులో నీరు తగ్గినను అది తానుగా మోటారును ఆపి రైతునకు కబురు పంపును. రాత్రివేళ కరెంటు వచ్చెనని గట్లవెంట పరుగెత్తి పాము కాటునకు లోనైన రైతులను ఎరుగని పల్లె మన ప్రాంతమున లేదు. కావున సరకునకు గిరాకి యుండునని నమ్మితిమి. ఆ నమ్మిక తప్పు కాలేదు.

మొదటి చిక్కు సామగ్రిది. ఇందు వాడు చిప్పులు, మోడెములు దాదాపు అన్నియు విదేశములనుండి రావలసినవే. మాకు పరీక్షకొరకు యాబది చాలును. తయారుచేయువాడు వేలకొలది యున్న చుట్టలుగా దప్ప అమ్మడు. విడిగా కొనబోయిన, నడుమనున్న వర్తకుడు రెట్టింపు ధర చెప్పును. సర్క్యూటు బోర్డులో ఒక్క గీత తప్పినచో క్రొత్త బోర్డు చేతికి వచ్చుటకు నెల. మా మొదటి డబ్బా సరిగా పనిచేయుటకు అట్టి నెలలు తొమ్మిది పట్టినవి. 2021లో లోకమంతటను చిప్పుల కరవు వచ్చినప్పుడు, పెద్ద కార్ల కంపెనీలే వానికై బారులు తీరియుండగా మావంటివారి యుత్తరములకు బదులిచ్చువారే లేకపోయిరి.

పొలములో మరియొక విద్య నేర్చితిమి. మొదటి వేసవిలో ఉరుములు పట్టిన వారమున నలువది డబ్బాలు కాలి తిరిగివచ్చినవి. మా లోపమేయని దినములు రాత్రులు వెదకితిమి. తీరా పొలములకు బోయి చూడగా, పెక్కుచోట్ల ఎర్తింగు కడ్డి ఎండిన మట్టిలో నుండెను, కొన్నిచోట్ల లేనేలేదు. ఊరి కరెంటు మేస్త్రీలు మా డబ్బా చెడినదని తోచినంతనే దానిని తప్పించి తీగలు డైరెక్టుగా కలిపివేసెడివారు. మరునాడు మోటారు కాలినచో నింద మాది. తరువాత మేస్త్రీలనే పిలిచి, భోజనము పెట్టి, పని నేర్పి, బిగింపునకు ఇంతయని కూలి యేర్పాటు చేసితిమి. మా యమ్మకములు నిలిచినది నిజముగా ఆ దినమునుండియే. ఏ కళాశాలయు మాకీ సంగతి చెప్పలేదు.

ఇవన్నియు కష్టములే గాని దాటదగినవి. మమ్ము ముంచబోయినది వేరు. అది సభవారికి బోధపడవలెనన్న ఒక విడుదల లెక్కను యథాతథముగా చెప్పవలసియున్నది. విసుగు చెందక వినుడు.

ఐదువందల డబ్బాలు. ఒక్కటింటికి ఖర్చు 2,400 రూపాయలు. మొత్తము 12 లక్షలు. ఇందు సామగ్రి 9 లక్షలు, కూలి, అద్దె మొదలగునవి 3 లక్షలు. డీలరునకు 3,200 చొప్పున 16 లక్షలకు అమ్మితిమి. కాగితముమీద లాభము 4 లక్షలు. ఇంతవరకు విన్నవారు మమ్ము ధనవంతులనుకొందురు.

ఇప్పుడు నెలలు లెక్కింపుడు. సామగ్రికి జూన్ మధ్యలోనే 9 లక్షలును, దానిపై పన్ను 1,62,000 రూపాయలును ముందుగా కట్టవలెను. సరకు వచ్చి, కూర్చి, పరీక్షించునప్పటికి సెప్టెంబరు. అక్టోబరులో డీలర్లకు బిల్లు వ్రాసితిమి. బిల్లు వ్రాసినంతనే, రూకలు రాకున్నను, జీఎస్టీ బాకీ పడును. నూటికి 18 చొప్పున 2,88,000. మునుపు కట్టిన పన్ను పోగా 1,26,000 రూపాయలు నవంబరు 20వ తేదీలోపల కట్టవలెను. చిన్నవారికి కాంపోజిషన్ అను సులభపద్ధతి కలదు గాని, అందు జేరినవాడు పొరుగు రాష్ట్రమునకు అమ్మరాదు. కొన్న డీలరునకు పన్ను జమయు దొరకదు. అది మాకు పనికిరాలేదు. డీలరు రైతునకు అరువిచ్చును. రైతు యాసంగి ధాన్యము అమ్మి ఏప్రిల్ చివర నిచ్చును. అప్పుడు గాని మా చేతికి రాదు. రైతును తప్పుపట్టుటకు వీలులేదు. డీలరును తప్పుపట్టుటకును వీలులేదు.

అనగా ఒక్క పైసా రాకముందు మేము పెట్టిన మొత్తము 14,88,000 రూపాయలు. బజారులో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిమి. ఏప్రిల్ చివరకు వడ్డీయే 2,80,000 దాటినది. నాలుగు లక్షల లాభములో మిగిలినది లక్షయు పదునెనిమిది వేలు. అది మూడు కుటుంబముల సంవత్సరపు జీవనము! డీలర్లు మరి నాలుగు నెలలు జాగుచేసినయెడల ఆ శేషమును వడ్డీక్రిందనే పోవును. సరకు మంచిది, అమ్మకము మంచిది, ఖాతాదారులు మంచివారు. వ్యాపారము మాత్రము చచ్చును.

బ్యాంకునకు పోలేదాయని అడుగుదురు. పోయితిమి. హామీ లేకుండ చిన్న పరిశ్రమలకు అప్పిచ్చుటకై 2000వ సంవత్సరము మొదలు ప్రభుత్వపు గ్యారంటీ నిధి కలదు. ఆ కాగితములు మేమే ముద్రించుకొని తీసికొనిపోయితిమి. అచ్చటి యధికారి వానిని మర్యాదగా చదివి, మడిచి, "బాగున్నది, ఇంటి దస్తావేజు తెచ్చితిరా?" అని యడిగెను. ఇల్లు మా పెదతల్లిగారి పేర నుండెను. ఆమె దస్తావేజుతో పాటు తన నానుతాడునుగూడ తెచ్చి బల్లమీద పెట్టినది. అప్పు దొరకినది గాని, ఆ సాయంకాలము మేము మువ్వురమును ఒకరి మొగమొకరము చూచుకొనలేకపోతిమి.

చట్టము లేదా యందురేమో. కలదు. 2006 నాటి చట్టము ప్రకారము చిన్న పరిశ్రమనుండి సరకు తీసికొన్నవాడు, వ్రాతపూర్వకమగు ఒప్పందమున్నను 45 దినములు దాటకుండ, లేనిచో 15 దినములలోపల, చెల్లింపవలెను. తప్పినచో రిజర్వుబ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ మొదలు, ఆ గడువులో చెల్లింపనివాడు చెల్లించునంతవరకు ఆ ఖర్చును ఆదాయపుపన్ను లెక్కలో చూపరాదనియు ఏర్పరచిరి. ఐనను ఒక సంస్థ మావద్ద అరువది డబ్బాలు తీసికొని పదునాలుగు నెలలకు చెల్లించినది. మేము ఫిర్యాదు చేసితిమా? లేదు. చేసినచో మరల కొనరని భయము. చట్టమును ఉపయోగించుటకుగూడ కొంత నిలువ సొమ్ము కావలెను. 2017 మొదలు బిల్లులను తాకట్టువలె చూపి పెద్ద కంపెనీలనుండి రావలసిన సొమ్మును ముందుగా తెచ్చుకొను మార్గము కంప్యూటరుద్వారా ఏర్పడినది గాని, పల్లెటూరి డీలరు అందు కానరాడు.

మా మువ్వురిలో నొకడు మూడవయేట బెంగుళూరున ఉద్యోగమునకు పోయెను. మేమతనిని నిందింపము. అతనికి సంబంధములు చూచినవారు, "అబ్బాయి ఏమి చేయుచున్నాడు?" అని యడిగి, "స్వంత కంపెనీ" యని వినినంతనే ఎండ ముదురుచున్నదని లేచిపోయెడివారు. ఈ సభలోగూడ ఆడపిల్లల తండ్రులున్నారు, కోపగింపవలదు.

మన తాతల కాలమున మగ్గము మనదే, పనితనము మనదే. నూలు మాత్రము షావుకారుది. చీర అమ్ముడగువరకు ఆగుటకు శక్తి లేనందుననే నేతగాడు తన చీరకు తాను ధర చెప్పజాలక కూలివాడయ్యెను. నేడు మన పిల్లలు చిప్పులతో పనిచేయుచున్నను ఆగుటకు శక్తి లేని స్థితి మారలేదు.

ఇక తీర్మానము. సంఘనిధినుండి 20 లక్షలు తీసి, పదిమంది యువకులకు రెండేసి లక్షలు ప్రారంభ విరాళముగా నీయవలెనని ప్రతిపాదించియున్నారు. ఉద్దేశము పూజనీయము. కాని రెండు లక్షలు బల్లలకు, బోర్డులకు, ప్రారంభోత్సవమునకు సరిపోవును. తొమ్మిదవ నెలలో వాడు మరల షావుకారు గడపనే ఎక్కును. కావున ఆ సొమ్మును పంచిపెట్టక యొక్కచోటనే బ్యాంకులో డిపాజిటుగా నుంచి, దానిని హామీగా జూపి, బ్యాంకు వడ్డీకి ఓవర్‌డ్రాఫ్టు ఇప్పింపవలెనని మా సవరణ. సరకు అందినట్లు కొనుగోలుదారుడు సంతకము చేసిన బిల్లు తెచ్చినవానికి ఆ బిల్లులో నూటికి 75 వంతులు. బిల్లు వసూలైన వారమున తిరుగగట్టవలెను. సంఘమే నేరుగా వడ్డీకి అప్పులిచ్చుట చట్టమునుబట్టి చిక్కు కావచ్చును గనుక బ్యాంకుద్వారా నడుపుట మేలు. బిల్లులు చూచుటకు ముగ్గురు చాలును. అందొకరు లెక్కలు తెలిసినవారును, ఒకరు అభ్యర్థికి బంధువు కానివారును ఉండవలెను. రెండవ నియమమే మన సంఘమున కష్టమైనది.

సొమ్ము మునుగదాయని పోషకులు శంకింపవచ్చును. కొంత మునుగును. పదింట ఒకటి రెండు బిల్లులు వసూలు కాకపోవచ్చును. కాని విరాళమిచ్చినచో పదియును తిరిగిరావు గదా!

మరియొకటి ధనికులగు పోషకులకు. మీకు ఆసుపత్రులు, మిల్లులు, దుకాణములు, పాఠశాలలు కలవు. మన పిల్లవాడు చేసిన వస్తువు పనికివచ్చునదైనచో కొనుడు; పనికిరానిదైనచో మొగమాటము లేక త్రిప్పిపంపుడు, లోపము వానికి తెలియును. కొన్నచో పదునైదవ దినమున చెక్కు వ్రాయుడు. మాకు తొలుత కొన్నవారిలో ఒక మిల్లు యజమానిగారు తప్ప తక్కినవారందరును, మనవాడే గదాయని అందరికంటె కడపట చెల్లించిరి.

మా ఐదేండ్ల లెక్కల పుస్తకములను భోజనశాల ప్రక్కగదిలో బల్లపై నుంచితిమి. నష్టపు సంవత్సరములవి పైన నున్నవి. మా పెదతల్లిగారి నానుతాడు 2023లో విడిపించితిమి. దస్తావేజు ఇంకను బ్యాంకులోనే యున్నది. ప్రతిపాదిత డిపాజిటునకు మా వంతుగా 50,000 రూపాయల చెక్కును ఇప్పుడే కోశాధికారిగారికి అందజేయుచున్నాము. సవరణపై రేపు ఉదయము ఎవరు ప్రశ్నించినను బదులుచెప్ప సిద్ధముగా నున్నాము.