తాళాలు ఇచ్చేస్తే కారు అమ్మినట్టేనా?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాహన రుణాలు చూస్తున్నాను కాబట్టి పాత కారు అమ్మకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కారు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని నెలల తరబడి ఆలోచిస్తాం. అమ్మేటప్పుడు ఒక్క ఆదివారంలో ముగించేస్తాం. బదిలీ ఆర్డరు చేతికొస్తే ఇంకా తొందర. మంచి ధర వచ్చిందా లేదా అన్నదే చూస్తాం. నేను ధర కంటే పేరు గురించే ఎక్కువ చెబుతాను.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కారు యజమాని దాన్ని అమ్మేశాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారింది. ఆర్‌సిలో పేరు మాత్రం మారలేదు. ఆ కారు ప్రమాదంలో ఒక పిల్లవాడు చనిపోయాడు. పరిహారం బాధ్యత ఎవరిది? రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని కోర్టు తేల్చింది. డబ్బు తీసుకుని తాళాలు ఇచ్చేశాం కదా అని చేతులు దులుపుకుంటే చాలదన్నమాట.

అందుకే ముందుగా ఆర్‌సి తీసి చూడండి. అప్పు తీరినంత మాత్రాన దాని మీద బ్యాంకు పేరు పోయిందనుకోవద్దు. ఇంకా ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసి, ఫారం 35 తీసుకుని హైపోథికేషన్ తొలగించుకోండి. చలానాలు బాకీ ఉంటే కట్టేయండి.

ఇక పేరు మార్పిడి. అమ్మినట్టు మనం తెలియజేసేది ఫారం 29. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా తెలియజేయాలి. కొన్నవారు ఫారం 30తో 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. వేరే రాష్ట్రం వారికి అమ్మితే ఫారం 28తో రవాణా శాఖ ఎన్‌ఓసి కూడా కావాలి. "సంతకాలు పెట్టి ఇవ్వండి సార్, మిగతావి మేం నింపుకుంటాం" అంటారు. ఖాళీ ఫారాల మీద సంతకం చేయవద్దు. ఖాళీ చెక్కు ఇస్తామా మనం? కొనేవారి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం పెట్టండి. కారు అప్పగించిన తేదీ, సమయం రాసి, ఇద్దరూ సంతకం చేసిన కాగితం దగ్గర ఉంచుకోండి. నెలన్నర తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, పేరు మారిందో లేదో చూడండి.

డబ్బు సంగతి మన ఇళ్లలో చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను. ఒకే అమ్మకానికి రూ.2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. విడతలుగా తీసుకున్నా లెక్క ఒక్కటే. పట్టుబడితే తీసుకున్నంతా జరిమానా కట్టాల్సి రావచ్చు. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి, ఖాతాలో చూసుకోండి. కారు చూడకుండానే ఫోన్‌లో బేరం ఒప్పుకుని, అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే మోసమే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకూ, పిల్లలకూ ఈ ఒక్క మాట నేర్పండి.

బీమాలో నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనది. సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గింపు అది. బీమా కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే 3 ఏళ్లలోగా కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. ఫాస్టాగ్ మూసేయడం మరవకండి, లేకపోతే వాళ్ల ప్రయాణానికి మన ఖాతాలోంచి టోల్ పోతుంది.

ఉద్యోగులకు మరో మాట. మన సర్వీసు నియమాల్లోని పరిమితి దాటిన అమ్మకాన్ని బ్యాంకుకు తెలియజేయాలి. కొన్నప్పుడు రాసి, అమ్మినప్పుడు మరిచిపోయేవారు చాలామంది.

ఇవన్నీ కలిపినా రెండు మూడు పూటల పని. ఆ తర్వాత మన కారు ఎవరు నడిపినా, ఎక్కడ తిరిగినా మనకు నిద్ర పడుతుంది. వచ్చిన డబ్బు మాత్రం మన బ్యాంకులోనే డిపాజిట్ చేయండి!

సెలవు.