పిల్లల వరుస కథల పుస్తకములు

పిల్లవాడు పుస్తకము పట్టుట లేదని విచారించు తల్లిదండ్రులు కొందరు. పట్టిన పుస్తకము విడుచుట లేదని విచారించువారు మరికొందరు. ఈ రెండవ తెగవారి విచారమును గూర్చి కొంత ముచ్చటింప దలచితిమి. వీరి పిల్లలు చదువుచున్నవి ఒకే రచయిత పేర, అవే పాత్రలతో, ఒకదాని వెంట నొకటిగా వెలువడు చిన్న కథాపుస్తకములు. పెద్ద అక్షరములు, పొట్టి ప్రకరణములు, అక్కడక్కడ బొమ్మలు. పదియవది ముగియకముందే పదునొకండవదాని కొరకు పేచీ ప్రారంభమగును. ఇవి మంచివా, చెడ్డవా? కొనిపెట్టవలెనా, దాచిపెట్టవలెనా?

ఈ తర్కము నేటిది కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ స్ట్రేట్‌మయర్ అను నతడు ఇరువదియవ శతాబ్దారంభమున కథల కర్మాగారము వంటి దొకటి నెలకొల్పెను. కథాసంవిధానము నచట నిర్ణయింతురు. ప్రతిఫలము పుచ్చుకొని వేరొకరు దానిని పుస్తకముగా పెంచుదురు. అట్టమీద కల్పితనామ ముండును. 1927లో హార్డీ బాయ్స్, 1930లో నాన్సీ డ్రూ ఇట్లే పుట్టినవి. నాన్సీ డ్రూ పుస్తకములపై కనబడు కారొలిన్ కీన్ అను రచయిత్రి ఈ భూమిపై పుట్టనే లేదు. తొలి పుస్తకములలో పెక్కింటిని వ్రాసినది మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్. ఇట్టి చవుక పుస్తకములు బాలుర మెదళ్లను పాడుచేయుచున్నవని 1914లోనే అచటి బాయ్ స్కౌట్ సంస్థ గ్రంథాలయాధికారి ఫ్రాంక్లిన్ మాథ్యూస్ తీవ్రమైన వ్యాసము ప్రకటించెను.

ఇంగ్లండున ఎనిడ్ బ్లైటన్ కథ రేడియో శ్రోతలకు మరింత వినదగినది. నలుగురు పిల్లలు, ఒక కుక్క కలిసి దొంగలను పట్టుకొను ఆమె ఫేమస్ ఫైవ్ వరుస 1942లో మొదలై 1963 నాటికి 21 నవలలైనది. సీక్రెట్ సెవెన్ అను మరొక వరుస 15 పుస్తకములకు పెరిగినది. అయినను 1930 ప్రాంతము నుండి 1950 దాటువరకు బి.బి.సి. అధికారులు ఆమె రచనలలో సాహిత్యపు విలువ చాలదని తలచి, వానిని ప్రసారము చేయుటకు వెనుదీయుచు వచ్చిరి. ఆనాటి ఉత్తరములు 2009లో బయటికి వచ్చినవి. పెద్దల తీర్పు అట్లుండగా పిల్లలు మాత్రము చదువుచునే యుండిరి.

మొదట ఈ పుస్తకముల మేలు చూతము. క్రొత్తగా చదువ నేర్చిన పిల్లవానికి ప్రతి పుస్తకమునను రెండు శ్రమలు కలవు. అక్షరములను కూడబలుకుకొని వాక్యము నందుకొనుట యొకటి; ఎవరు ఎవరికేమగుదురో, ఎచట నేమి యున్నదో తెలిసికొనుట రెండవది. వరుస పుస్తకములలో ఈ రెండవ శ్రమ మొదటి సంపుటముతోనే సగము తీరిపోవును. పాత్రలు పరిచితులు, వారి మాటతీరు తెలిసినదే, వాడిన మాటలే మరల మరల వచ్చును. కనుక పిల్లవాని శక్తి యంతయు చదువుటకే వినియోగపడును. ఒకే రచయితను, ఒకే విషయమును విడువక చదువుట భాష నేర్చుకొనుటకు మిక్కిలి అనుకూలమని స్టీఫెన్ క్రాషెన్ అను అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు 1981లోనే వాదించియున్నాడు. నూఱు పుటలు ఆగక చదువగలుగుట అలవాటువలన వచ్చు బలము. ఆ బలమును ఈ పుస్తకము లిచ్చుచున్నవి.

మన పెద్దలును ఇట్లే చదువలేదా? కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకొని రాత్రికి రాత్రి ముగించినవారు మన యిండ్లలో ఎందరో కలరు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి తోకచుక్క మొదలు పలు ధారావాహికల కొరకు, వానికి చిత్రాగారు వేసిన బొమ్మల కొరకు నెలనెలా వీథివాకిట కాచుకొన్న తరము మనది. అందును మాంత్రికులు, రాకాసులు, శిథిలదుర్గములు, ప్రతి నెలయు ఒక గండము. ఆ ఉత్కంఠయే మనలను తెలుగు చదువరులను చేసినది.

ఇక దోషములు. "అన్నియు నొకటే కథ కదా" అన్నది మొదటి ఆక్షేపణ. నిజమే. పెద్దలకు విసుగు పుట్టించు ఆ పోలికయే పిల్లలకు ధైర్యము. ఒకనాటికి తరువాతి పుట తెరువకయే కథ తెలిసిపోవును. ఆనాడు వాడే పుస్తకమును ప్రక్కకు నెట్టును. ఆ విసుగు మంచిది, అది పెద్దల బలవంతమున గాక తనంత తాను రావలెను.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. కథతోపాటు కొన్ని తలంపులు కూడ పిల్లల మనస్సులలో చేరుచున్నవి. ఫేమస్ ఫైవ్‌లో ఆజ్ఞాపించువాడు పెద్దబాలుడు జూలియన్. వంట, గిన్నెలు, పడకలు సవరించుట చిన్నపిల్ల ఆన్ వంతు. మగవానివలె నుండ గోరిన జార్జ్ మాత్రమే దీనికి ఎదురు తిరుగును. దేశద్రిమ్మరులు కనబడినంతనే అనుమానింపదగినవారుగా చూపబడుదురు. నాన్సీ డ్రూ తొలి పుస్తకములలో నల్లజాతివారిని చులకనచేయు చిత్రణలుండగా, 1959 నుండి వానిని తిరగవ్రాసి తొలగించిరి. లారా ఇంగల్స్ వైల్డర్ వ్రాసిన లిటిల్ హౌస్ వరుసలో ఆదివాసులు మనుష్యుల లెక్కలోనికి రానట్లు ధ్వనించు వాక్యమొకటి యుండ, 1953లో దానిని సవరించిరి. ఆమె పేరిట నున్న బాలసాహిత్య పురస్కారమునకు 2018లో పేరు మార్చిరి.

దిద్దుబాటు అంతయు ప్రకాశకులే చేయుదురని నమ్మి యూరకుండుట తగదు. ఫేమస్ ఫైవ్ భాషను నేటి పిల్లల కనుగుణముగా 2010లో మార్చిన ప్రకాశకులు, పాఠకులకు రుచింపనందున 2016లో ఆ ప్రయత్నమును విరమించిరి. అసలు దిద్దుబాటు ఇంటిలో జరుగవలెను. "గిన్నెలు ఎప్పుడును ఆన్ కడుగవలసినదేనా? జూలియన్‌కు చేతులు లేవా?" అని తల్లి నవ్వుచు నొక ప్రశ్న వేసిన చాలును. పిల్లవాడు మరునాడు ఆ పుస్తకమును క్రొత్త కన్నులతో చదువును. తన భోజనపు పళ్లెము తానే తీసినచో అది మరొక లాభము.

మూడవది, పోకిరి కథానాయకుల సంగతి. 1997లో వచ్చిన కెప్టెన్ అండర్‌పాంట్స్ వరుసపై ఎన్ని అభ్యంతరములు వచ్చినవనగా, 2012, 2013 సంవత్సరములకు అమెరికా గ్రంథాలయ సంఘము ప్రకటించిన ఆక్షేపిత గ్రంథముల పట్టికలలో అదియే మొదట నిలిచినది. 2007 నుండి వచ్చుచున్న డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్ నాయకుడు సోమరి, స్వార్థపరుడు. వీరిని చూచి పిల్లలు చెడుదురేమో యని భయము. కాని ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు మాత్రము బుద్ధిమంతుడా? వానిని చదివి నవ్విన తెలుగు పిల్లలు పెద్దలను ధిక్కరించువారైపోలేదు. ఎవరిని చూచి నవ్వవలెనో, ఎవరివలె నుండవలెనో పిల్లలు తరచుగా ఎరుగుదురు. 1992లో మొదలైన గూస్‌బంప్స్ వంటి భయానక కథలకు మాత్రము గురుతు వేరు. చదివిన పిల్ల రాత్రి నిదుర పోలేకున్నచో, ఎగతాళి చేయక కొంతకాలము ఆ పుస్తకములను ఆపుట మేలు.

మా మనస్సును మిక్కిలి కలచుచున్న విషయము వేరొకటి కలదు. ఇంగ్లీషు వరుసలను ముప్పది చదివిన పిల్లవాడు తెలుగున ఒక పుట చదువుటకు ఆయాసపడుచున్నాడు. తప్పు వానిది కాదు. బొమ్మల కథలకును పెద్దల నవలలకును నడుమ ఉండవలసిన మెట్లు మన భాషలో చాలినన్ని లేవు. 1947లో పుట్టి, ఆ మెట్టుగా నిలిచిన చందమామ కూడ 2010వ దశకమున ఆగిపోయినది. చిన్నతనమున తెలుగున ఉత్కంఠ నెరుగనివాడు పెద్దయైన పిదప తెలుగు పుస్తకము కొనునా? ఇంగ్లీషు వరుసలను నిషేధించినంత మాత్రమున తెలుగుపై ప్రీతి కలుగదు. నిషేధమువలన తెలుగు శిక్షగా తోచును.

కనుక తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లవాడు చదువు వరుసలో ఒక్క పుస్తకమైనను మీరును చదువుడు. చదువక తీర్పు చెప్పవలదు. వరుస అంతయు ఒక్కసారి కొని పెట్టెడు పుస్తకములు తెచ్చిపెట్టక, గ్రంథాలయమునుండియో మిత్రుల యింటనుండియో రెండేసి తెచ్చుచుండుడు. ఐదారు ముగిసిన పిదప దాని చెంతనే కొంచెము ఎత్తయిన మెట్టు నొకదానిని ఉంచుడు: అపరాధపరిశోధన ప్రీతి యున్నవానికి సత్యజిత్ రాయ్ ఫెలూదా, అల్లరి యిష్టమైనవానికి ఆర్. కె. నారాయణ్ స్వామి అండ్ ఫ్రెండ్స్. బలవంత మక్కరలేదు, అందుబాటున నుండిన చాలును.

రాత్రి భోజనానంతరము పావుగంటసేపు తెలుగు ధారావాహిక నొకదానిని మీరు బిగ్గరగా చదువుడు. సుబ్రహ్మణ్యంగారి కథలు పుస్తకరూపమునను వెలువడినవి. గండము వచ్చిన చోట ఆపి దీప మార్పుడు. మరునాడు మీరు వచ్చువరకు ఓపిక పట్టలేక ఆ తరువాతి పుటను పిల్లవాడు తానే కూడబలుకుకొన్న దినమున, వానికి తెలుగు చదువు మొదలైనదని సంతోషింపవచ్చును.